దారి ఎవరిది? – 6 : ఆగని కార్ల సినిమా, ఆపిన కార్ల చరిత్ర



ఈ భాగం పోయిన ఆదివారమే రావాల్సింది. పేపర్లు దిద్దే పనిలో పడి ఆలస్యమైంది. ఇంకో కారణం కూడా ఉంది. నేను ముందుగా అనుకున్న విషయం వేరు. ఒక కుర్రాడు అడిగిన ప్రశ్న దాన్ని పక్కన పెట్టించింది.

మా కాలేజీలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. హాస్టల్ పిల్లాడు. నాన్నది తాపీ పని, అమ్మ మిరపకోతలకి వెళ్తుంది. రెండు వేసవి సెలవుల్లో క్యాటరింగ్ పనులు చేసి దాచుకున్న డబ్బుతో పాత పల్సర్ ఒకటి కొన్నాడు. ట్యాంకుకి నీలం రంగు వేయించాడు. మెకానిక్ షెడ్డులో కూర్చుని సైలెన్సర్ తనే మార్చుకున్నాడు. ఆ బండి కడిగేటప్పుడు వాణ్ని చూడాలి, పసిపిల్లకి నీళ్లు పోసినట్టే ఉంటుంది.

ఒక సాయంత్రం బైపాస్ దగ్గర బండి ఆపారు. ఆపినాయన మొదట చేసిన పని, తాళం లాక్కోవడం. రెండోది, ప్రశ్న. "ఏరా, ఎవడిదిరా ఈ బండి?"

సైలెన్సర్‌కి చలానా రాసినందుకు వాడికి బాధ లేదు. అది తప్పని వాడికి తెలుసు. కానీ ఆర్‌సీ చూపించాక కూడా గంటన్నర నిలబెట్టారు. కాగితం మీద వాడి పేరే ఉంది. ఆ పేరు చూశాకా ప్రశ్న మారలేదు. ఈలోగా అంతకన్నా పెద్ద చప్పుడుతో ఖరీదైన బండ్లు రెండు ముందు నుంచే వెళ్లిపోయాయి, ఎవరూ చెయ్యి ఎత్తలేదు.

మర్నాడు నా దగ్గరికి వచ్చాడు. అడిగింది చలానా గురించి కాదు. "సార్, ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ మొదటి పార్టు ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. చివర్లో పోలీసోడే తన కారు తాళాలు హీరో చేతిలో పెట్టి పంపించేస్తాడు. మా దగ్గర ముందు తాళం పీకేస్తారు. అది అమెరికా కాబట్టా సార్?"

నేను పరిశోధన చేసింది తెలుగు సాహిత్యంలో. కార్ల గురించి నాకు తెలిసింది తక్కువ. అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. తర్వాత చదివాను. ఈ వ్యాసం వాడికి నేను పడ్డ బాకీ.

1

ముందు సినిమా సంగతి. 'ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్' 2001 జూన్‌లో విడుదలైంది. దర్శకుడు రాబ్ కోహెన్. దాదాపు 3.8 కోట్ల డాలర్లతో తీస్తే ప్రపంచమంతా కలిపి 20 కోట్ల డాలర్లు దాటి వసూలు చేసింది. ఆ పేరు కూడా కొత్తది కాదు, 1955లో వచ్చిన ఒక చిన్న సినిమా పేరు తీసుకున్నారు.

కథ లాస్ ఏంజెలెస్‌లో. నల్ల హోండా సివిక్ కార్లలో వచ్చి రోడ్డు మీద లారీలను దోచుకుంటున్న ముఠా ఒకటి ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి బ్రయాన్ అనే తెల్ల పోలీసు వేషం మార్చి రాత్రి రేసుల లోకంలోకి దిగుతాడు. ఆ లోకానికి రాజు డొమినిక్ టొరెటో. పగలు మెకానిక్, రాత్రి రేసర్. పోలీసుకి టొరెటో మీద అభిమానం పుడుతుంది, అతని చెల్లెలి మీద ప్రేమ పుడుతుంది. చివర్లో అరెస్టు చేయాల్సిన మనిషికి తన కారు తాళాలిచ్చి వదిలేస్తాడు.

ఇందులో చాలామంది పట్టించుకోకుండా దాటేసే సన్నివేశం ఒకటుంది. గ్యారేజీలో తండ్రి నల్ల డాడ్జ్ ఛార్జర్ ముందు నిలబడి టొరెటో తన గతం చెప్తాడు. తండ్రి స్టాక్ కార్ రేసులు నడిపేవాడు. ట్రాక్ మీదే కాలిపోయి చనిపోయాడు. ఆ ప్రమాదానికి కారణమైన డ్రైవర్ని టొరెటో రెంచీతో చావగొట్టి జైలుకి పోయాడు. బయటికొచ్చాక ఏ ట్రాక్ మీదా అడుగు పెట్టకుండా జీవితకాల నిషేధం వేశారు. అంటే వీధిలో రేసు నడపడం అతనికి మొదటి కోరిక కాదు. ట్రాక్ తలుపు మూస్తే వీధిలోకొచ్చాడు.

సినిమాలో ఇది ఒక మనిషి చేసిన తప్పుకి పడిన శిక్ష. చరిత్రలో ఇదే శిక్ష ఏ తప్పూ చేయని మనుషులకి పడింది. గుంపులు గుంపులుగా పడింది. సినిమాకి సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే ఈ తేడా తెలుస్తుంది.

1998 మేలో 'వైబ్' అనే పత్రికలో కెన్ లీ అనే విలేకరి ఒక వ్యాసం రాశాడు. పేరు 'రేసర్ ఎక్స్'. సినిమాకి మూలం అదే. 'వైబ్' హిప్‌హాప్ పత్రిక, నల్లవాళ్ల సంగీతంతో పుట్టిన పత్రిక. వ్యాసంలోని ప్రధాన రేసర్ న్యూయార్క్‌లో డొమినికన్ వలస కుటుంబాలుండే పేట కుర్రాడు. సినిమాకి వచ్చేసరికి ఊరు లాస్ ఏంజెలెస్ అయింది. మనం ఎవరి కళ్లతో చూస్తామో ఆ కళ్లు తెల్ల పోలీసువి అయ్యాయి. రంగు రంగుల మనుషులంతా తెర మీద ఉన్నారు, నేను కాదనను. కానీ వాళ్ల లోకాన్ని మనకి పరిచయం చేసేది దాన్ని పట్టుకోవడానికి వచ్చినవాడు.

2

అసలు కారంటే అంత మోజు ఎందుకు? "పేదోళ్లకి ఇంత షోకా" అనే మాట మన పిల్లలూ వింటారు, అక్కడి నల్ల పిల్లలూ విన్నారు.

1896లో ప్లెసీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు రైల్లో నల్లవాళ్లకి వేరే పెట్టె ఉండొచ్చని తీర్పిచ్చింది. దక్షిణాది రాష్ట్రాల్లో బస్సులో వెనక సీటు, స్టేషన్లో వేరే గది. అలాంటి చోట సొంత కారు అంటే, ఎవడి వెనకా కూర్చోనక్కర్లేని ఒకే ఒక్క సీటు. కారున్నా పెట్రోలు ఎక్కడ పోస్తారు, రాత్రికి ఎవరు గది ఇస్తారు అనేది తెలియదు. అందుకే విక్టర్ గ్రీన్ అనే నల్ల పోస్ట్‌మన్ 1936 నుంచి 'గ్రీన్ బుక్' అని ఒక దారి పుస్తకం వేశాడు. నల్లవాళ్లు ఏ ఊళ్లో ఎక్కడ ఆగొచ్చో చెప్పే పుస్తకం. పటంలో ఊళ్లన్నీ ఉంటాయి, కానీ ఆగగలిగిన ఊళ్లు వేరు.

1955 డిసెంబరులో మాంట్‌గోమరీ బస్సుల బహిష్కరణ మొదలైంది. 381 రోజులు. రోజా పార్క్స్ పేరు మన పిల్లలకి తెలుసు. ఆ 381 రోజులూ జనం పనికి ఎలా వెళ్లారో తెలియదు. చాలామంది నడిచారు. మిగతావాళ్లని దాదాపు 300 సొంత కార్లు మోశాయి. చర్చిల దగ్గర, మూలమలుపుల దగ్గర వంతులవారీగా ఎక్కించుకుని దింపేవారు. పోలీసులు ఆ కార్ల మీద పడ్డారు. చిన్న చిన్న సాకులకి చలానాలు రాశారు.

1956 జనవరి 26న ఒక యువ పాస్టర్ తన కారులో మనుషుల్ని ఎక్కించుకుని వెళ్తుంటే ఆపారు. గంటకి 25 మైళ్లు వెళ్లాల్సిన చోట 30 మైళ్లు వెళ్లాడట. చలానా రాసి పంపలేదు, జైలుకి తీసుకెళ్లారు. ఆయన మార్టిన్ లూథర్ కింగ్. ఆ ఉద్యమంలో ఆయన మొదటి అరెస్టు అతివేగం కేసు.

అయిదు మైళ్ల వేగం!

చరిత్ర క్లాసులో ఈ సంగతి చెప్పండి. వేగం అనే నేరం ఎప్పుడు ఎవరి మీద గుర్తుకొస్తుందో దీన్ని మించిన ఉదాహరణ నాకు దొరకలేదు.

3

ఇప్పుడు ట్రాక్ సంగతి. అమెరికాలో స్టాక్ కార్ రేసుల పెద్ద సంస్థ నాస్కార్. 1947 డిసెంబరులో డేటోనా బీచ్‌లో ఒక హోటల్లో కూర్చుని దానికి పునాది వేశారు. ఆ ఆటకి బలం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా? నాటుసారా నుంచి. దక్షిణాది కొండల్లో సారా కాచి, రాత్రిపూట పోలీసులకి దొరక్కుండా కార్లలో తోలేవాళ్లు. తప్పించుకోవడానికి ఇంజన్లు మార్చుకునేవాళ్లు. ఆదివారం వచ్చేసరికి ఎవరి కారు గొప్పదో పందెం. ఆ పందెమే ఆట అయింది, ఆటే పరిశ్రమ అయింది. జూనియర్ జాన్సన్ అనే తెల్ల డ్రైవర్ 1956లో సారా బట్టీ దగ్గర పట్టుబడి జైలుకి పోయాడు. తర్వాత నాస్కార్‌లో పెద్ద హీరో అయ్యాడు. 1986లో అధ్యక్షుడు రేగన్ ఆ పాత కేసుకి క్షమాభిక్ష పెట్టాడు.

అదే సారా, అదే రాత్రి దారి, అదే నైపుణ్యం ఉన్న ఇంకో మనిషి వెండెల్ స్కాట్. వర్జీనియా రాష్ట్రం డాన్‌విల్లో 1921లో పుట్టాడు. నల్లవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో మెకానిక్‌గా పనిచేశాడు, ఊరికొచ్చి ట్యాక్సీ తోలాడు, గ్యారేజీ పెట్టాడు, రాత్రిపూట సారా తోలాడు. 1952లో డాన్‌విల్ ట్రాక్ వాళ్లకి జనం తగ్గారు. ఒక నల్ల డ్రైవర్ని దింపితే నల్లవాళ్లు టిక్కెట్లు కొంటారని ఆలోచన వచ్చింది. ఎవణ్ని దింపాలి? పోలీసుల్ని అడిగారు. మీరు ఎక్కువగా వెంటాడిన నల్ల డ్రైవర్ ఎవరయ్యా అంటే వాళ్లు స్కాట్ పేరు చెప్పారు. అతని నైపుణ్యానికి సర్టిఫికెట్ ఇచ్చింది అతన్ని పట్టుకోలేకపోయిన పోలీసులు. వేడుక కోసం పిలిస్తే వచ్చాడు. వచ్చినవాడు ఇరవై ఏళ్లు వెళ్లలేదు.

1961 నుంచి 1973 వరకూ నాస్కార్ పెద్ద తరగతిలో 495 రేసులు నడిపాడు. కొడుకులే మెకానిక్కులు. పాత కార్లు, పాత టైర్లు. కొన్ని ట్రాకుల దగ్గర గేటు నుంచే వెనక్కి పంపేశారు.

1963 డిసెంబరు 1. ఫ్లోరిడాలో జాక్సన్‌విల్. అర మైలు మట్టి ట్రాక్, 200 చుట్లు. స్కాట్ అందరికన్నా రెండు చుట్లు ముందున్నాడు. గెలుపు జెండా ఊపాల్సిన మనిషి ఊపలేదు. స్కాట్ ఇంకో రెండు చుట్లు తిరిగాడు. రెండో స్థానంలో వచ్చిన బక్ బేకర్ అనే తెల్ల డ్రైవర్‌కి కప్పు ఇచ్చారు, ఫొటోలు తీశారు. స్కాట్ లెక్క చూడమని పట్టుబట్టాడు. కొన్ని గంటల తర్వాత, జనం ఇళ్లకి వెళ్లిపోయాక, లెక్కలో పొరపాటు జరిగింది, గెలిచింది నువ్వే అన్నారు. కప్పు మాత్రం అప్పటికే వెళ్లిపోయింది. విజేతకి అందాల రాణి ముద్దు పెట్టే ఆచారం ఉండేది, వేల మంది తెల్లవాళ్ల ముందు అది జరగడం వాళ్లకి ఇష్టం లేదని స్కాట్ తర్వాత చెప్పేవాడు.

1990లో స్కాట్ చనిపోయాడు. 2015లో నాస్కార్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరు చేర్చారు. నాస్కార్ వాళ్లు ఆ కప్పుని కుటుంబం చేతిలో పెట్టింది 2021 ఆగస్టు 28న. దాదాపు 58 ఏళ్ల తర్వాత. ఆగస్టు 28 అంటే 1963లో వాషింగ్టన్ మహా ప్రదర్శన జరిగిన తేదీ కూడా. స్కాట్ తర్వాత ఆ తరగతిలో ఒక నల్ల డ్రైవర్ గెలవడం మళ్లీ 2021 అక్టోబరులోనే, బబ్బా వాలెస్.

'లెక్కలో పొరపాటు'. ఈ మాట మనకి బాగా తెలుసు. ఇంటర్వ్యూ మార్కుల్లో, మెరిట్ లిస్టుల్లో, రోస్టర్ పాయింట్లలో మనం చూసే పొరపాటు ఇదే. పొరపాటు ఎప్పుడూ ఒకే వైపు జరుగుతుంది. దిద్దుబాటు జనం వెళ్లిపోయాక వస్తుంది.

4

మళ్లీ లాస్ ఏంజెలెస్‌కి వద్దాం. సినిమా నడిచిన ఊరు. ఆ ఊళ్లో ఆపిన రెండు కార్ల కథ చెప్పాలి.

మొదటిది 1965 ఆగస్టు 11. వాట్స్ అనే నల్లవాళ్ల పేట దగ్గర మార్కెట్ ఫ్రై అనే 21 ఏళ్ల కుర్రాడు తల్లి కారు నడుపుతూ వెళ్తున్నాడు. తాగి నడుపుతున్నాడని హైవే పోలీసు ఆపాడు. తాగి నడపడం తప్పే. కానీ ఆపడం దగ్గర ఆగలేదు. ఇంటికి దగ్గర్లోనే కాబట్టి తల్లి పరిగెత్తుకొచ్చింది, తోపులాట జరిగింది, లాఠీ పడింది, తల్లిని కూడా అరెస్టు చేశారు. చుట్టూ జనం చేరారు. ఎన్నేళ్లుగానో ఉడుకుతున్నది ఆ రాత్రి పొంగింది. ఆరు రోజుల్లో 34 మంది చనిపోయారు. అరెస్టులు మూడు వేలు దాటాయి.

రెండోది 1991 మార్చి 3. రాడ్నీ కింగ్ అనే నల్లవాడు పోలీసులకి ఆగకుండా కారు వేగంగా తోలాడు. పట్టుకుని నేల మీద పడేసి కొట్టారు. ఎదురింటాయన వీడియో తీశాడు కాబట్టి ప్రపంచం చూసింది. 1992 ఏప్రిల్ 29న జ్యూరీ ఆ పోలీసుల్ని వదిలేసింది. ఊరు తగలబడింది. 60 మందికి పైగా చనిపోయారు.

ఆ ఊరి చరిత్రలో రెండు పెద్ద మంటలూ ఆపిన కారు దగ్గరే అంటుకున్నాయి. కార్ల సినిమాలో ఈ సంగతికి చోటు దొరకలేదు.

ఈ రెండు మంటల మధ్య ఒక మనిషి నిలబడ్డాడు. పేరు విల్లీ రాబిన్సన్. అందరూ బిగ్ విల్లీ అనేవారు. ఆరున్నర అడుగుల ఎత్తు, కండలు తిరిగిన ఒళ్లు, నెత్తి మీద టోపీ. న్యూ ఓర్లీన్స్ నుంచి వచ్చిన నల్లవాడు. వాట్స్ తర్వాత ఊళ్లో ఎవరూ ఎవరినీ నమ్మని రోజుల్లో అతను ఒక సంగతి గమనించాడు. రాత్రి రేసుల దగ్గర నల్లవాడు, తెల్లవాడు, మెక్సికన్, ఆసియావాడు ఒకే చోట నిలబడుతున్నారు. బానెట్ ఎత్తి ఇంజన్ చూసేటప్పుడు ఒకడి చెయ్యి ఇంకొకడికి తగులుతోంది, ఎవడూ చెయ్యి కడుక్కోవడం లేదు.

ఈ వాక్యం రాస్తూ నేను ఒక్క క్షణం ఆగాను. మీరూ ఆగి ఉంటారు.

అతను 'బ్రదర్‌హుడ్ ఆఫ్ స్ట్రీట్ రేసర్స్' అని సంఘం పెట్టాడు. పోలీసులతో మాట్లాడాడు, మేయర్ టామ్ బ్రాడ్లీతో మాట్లాడాడు. బ్రాడ్లీ ఆ నగరానికి మొదటి నల్ల మేయర్. పిల్లల్ని వీధిలో చావనివ్వొద్దు, వాళ్లకి ఒక ట్రాక్ ఇవ్వండి అని అడిగాడు. 1974లో హార్బర్‌లోని టెర్మినల్ ఐలాండ్ అనే దీవిలో ట్రాక్ వచ్చింది. ఏ కారు ఉంటే ఆ కారు తెచ్చుకోవచ్చు. పాత కారైనా, అమ్మ కారైనా సరే. విల్లీ భార్య టొమికో కూడా రేసర్. భార్యాభర్తలిద్దరికీ జోడు డాడ్జ్ డేటోనా కార్లు.

పోలీసులతో చెయ్యి కలపడం సరైందేనా అని ఉద్యమ మిత్రులు అడుగుతారు. అడగాల్సిందే. కానీ అతను పోలీసుల దగ్గర క్షమాపణ అడగలేదు, దయ అడగలేదు. స్థలం అడిగాడు.

ఆ స్థలం చరిత్ర కూడా చెప్పాలి. టెర్మినల్ ఐలాండ్‌లో ఒకప్పుడు జపాన్ నుంచి వచ్చిన జాలర్ల పల్లె ఉండేది. సుమారు మూడు వేల మంది. 1942 ఫిబ్రవరిలో యుద్ధం పేరు చెప్పి, 48 గంటల్లో ఖాళీ చేయమన్నారు. పడవలు, వలలు, ఇళ్లు వదిలి పోయారు. పల్లెని నేలమట్టం చేశారు. ఆ ఏడాది పడమటి తీరంలో జపాన్ మూలాలున్న లక్షకు పైగా జనాన్ని ముళ్లకంచె శిబిరాల్లో పెట్టారు. ముప్పై ఏళ్ల తర్వాత అదే దీవి మీద నల్లవాళ్లు ట్రాక్ అడిగి తెచ్చుకున్నారు. 1980ల్లో, 90ల్లో దక్షిణ కాలిఫోర్నియాలో ఆసియా కుటుంబాల పిల్లలు ఇంట్లోని పాత హోండా సివిక్‌లను చేత్తో మార్చుకుని రేసు కార్లు చేశారు. 2001 సినిమాలో మెరిసే కార్ల అందం వాళ్లు కనిపెట్టిందే. సినిమాలో ఆసియావాడికి దక్కింది విలన్ వేషం. జానీ ట్రాన్ ఇంటి మీద పోలీసులు దాడి చేస్తారు, దొంగ సామాను అనుకున్నది వాడు డబ్బిచ్చి కొన్నదే అని తేలుతుంది. "ఎవడిదిరా ఈ సామాను?" మన కుర్రాడు గుర్తొచ్చాడా? ఆ ఒక్క సన్నివేశంలో సినిమా తనకి తెలియకుండానే నిజం చెప్పింది. తర్వాత రీలులో వాణ్ని హంతకుణ్ని చేసి ఆ నిజాన్ని తుడిచేసింది.

ఇక ట్రాక్. హార్బర్ భూమి కాబట్టి ఎన్నోసార్లు మూశారు, విల్లీ పోరాడి తెరిపించాడు. 1992 అల్లర్ల తర్వాత కూడా తెరిపించాడు. 1995లో మూసింది మళ్లీ తెరవలేదు. ఆరేళ్ల తర్వాత సినిమా వచ్చింది. వీధి రేసుల మీద ప్రపంచం కోట్లు కుమ్మరించింది. విల్లీ 2012లో చనిపోయాడు, చివరిదాకా ట్రాక్ కోసం అడుగుతూనే ఉన్నాడు.

5

ఇక్కడ మీలో ఒకరికి సందేహం రావాలి. "వేగంగా వెళ్తే ఆపరా సార్? రేసులు ప్రాణాలు తీయవా?" తీస్తాయి. రేసర్లవే కాదు, దారిన పోయేవాళ్లవి కూడా. నేను వీధి రేసులకి హారతి పట్టడం లేదు.

కానీ సమస్య వేగమే అయితే నెమ్మదిగా వెళ్లేవాణ్ని వదిలేయాలి కదా. అదే ఊళ్లో మెక్సికన్ మూలాల చికానో పిల్లలది పూర్తిగా వేరే దారి. లోరైడర్లు అంటారు. కారుని నేలకి ఆనేంత కిందికి దించి, పెళ్లికూతుర్ని చేసినట్టు రంగులు వేసి, ఆదివారం సాయంత్రం మెల్లగా ఊరేగిస్తారు. వాళ్ల సిద్ధాంతమే నెమ్మది. మరి వాళ్లని ఏం చేశారు? చక్రం రిమ్ము అంచు కన్నా కిందికి కారు దిగకూడదని 1958లో కాలిఫోర్నియా చట్టం చేసింది. కొద్ది కాలానికే రాన్ అగిరే అనే కుర్రాడు విమానాల పాత సామానులోంచి హైడ్రాలిక్ పంపులు తీసి కారుకి బిగించాడు. మీట నొక్కితే కారు లేస్తుంది, నొక్కితే దిగుతుంది. పోలీసు కనిపిస్తే చట్టం ఎత్తుకి, పోలీసు పోతే మన ఎత్తుకి! తర్వాత మెల్లగా తిరగడమే నేరం చేస్తూ ఊళ్లకి ఊళ్లు నిషేధాలు పెట్టాయి. కాలిఫోర్నియా రాష్ట్రం వాటిని ఎత్తేసింది 2023లో. అమల్లోకి వచ్చింది 2024 జనవరి 1న, నిన్నగాక మొన్న.

వేగంగా వెళ్తే ఆపారు. నెమ్మదిగా వెళ్తే ఆపారు. అంటే చూసింది స్పీడోమీటర్‌ని కాదు, స్టీరింగ్ మీది చేతిని.

2016లో మిన్నెసోటాలో ఫిలాండో కాస్టిల్ అనే నల్లవాణ్ని కారు ఆపి, సీటు బెల్టులో ఉండగానే పోలీసు కాల్చి చంపాడు. బడిలో పిల్లలకి భోజనం పెట్టే విభాగంలో ఉద్యోగం. అంతకుముందు అతన్ని నలభైకి పైగా సార్లు ఆపారు. ఒక్క రేసూ నడపలేదు.

6

ఇప్పుడు మన దారికి. అమెరికా గురించి ఇంత చెప్పి మన దగ్గరికి రావడానికి ఎవరి చెయ్యి పట్టుకోవాలో నాకు తెలుసు. బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అని చిన్న ఆత్మకథా భాగం రాశారు. అందులో రెండు బండ్లున్నాయి.

మొదటి బండి 1901లో. తొమ్మిదేళ్ల పిల్లవాడు అన్నతో, మేనల్లుళ్లతో కలిసి తండ్రి దగ్గరికి బయల్దేరాడు. మసూర్ స్టేషన్లో దిగారు. మహర్లని తెలిశాక బండివాళ్లెవరూ ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయికి ఒకడు ఒప్పుకున్నాడు, ఒక షరతు మీద. బండి పిల్లలే తోలుకోవాలి, తను పక్కన నడుస్తాడు.

రెండో బండి 1929లో, చాలీస్‌గావ్‌లో. అప్పటికి ఆయన డాక్టర్ అంబేద్కర్, బారిస్టర్, ప్రభుత్వ కమిటీ సభ్యుడు. మహర్‌వాడకి తీసుకెళ్లడానికి టాంగా వచ్చింది. తోలేవాడికి తోలడం రాదు. కాసేపట్లోనే ఒక మోటారు కారుకి గుద్దబోయి తప్పింది. తర్వాత కల్వర్టు మీద చక్రం రాళ్లలో ఇరుక్కుని టాంగా, గుర్రం ఏట్లో పడ్డాయి. ఆయన రాళ్ల మీదికి విసిరేసినట్టు పడి కాలు విరగ్గొట్టుకున్నారు. తర్వాత తెలిసింది అసలు సంగతి. అంటరానివాణ్ని కూర్చోబెట్టుకుని తోలడం టాంగావాళ్లకి పరువు తక్కువ. టాంగా ఇస్తాం, తోలేవాణ్ని ఇవ్వం అన్నారు. అతిథిని నడిపించడం ఇష్టం లేక పేటవాళ్లు ఎన్నడూ తోలని తమవాడి చేతికి పగ్గాలిచ్చారు.

ఈ ప్రమాదం నేను ఎన్నోసార్లు చదివాను. ఈసారి బిగ్ విల్లీ గురించి చదివాకే నాకు పూర్తిగా అర్థమైంది. ఆ టాంగా పడింది మనవాడికి తోలడం చేతకాక కాదు. నేర్చుకునే చోటు మూసేసినందుకు. చోటు మూసేస్తారు, ఆ తర్వాత పడిపోతే "చూశారా, వీళ్లకి చేతకాదు, వీళ్లు ప్రమాదకరం" అంటారు. ట్రాక్ మూసేసి వీధిలో చచ్చేవాణ్ని చూపించడం అదే పని.

మా నాన్నకి పాత సైకిల్ ఉండేది. ఊరి పెద్దల వీధి మొదట్లో దిగి, చివరిదాకా నడిపించుకుంటూ వెళ్లి, వీధి దాటాక మళ్లీ ఎక్కేవాడట. మా చిన్నప్పటికి ఆ పద్ధతి పోయింది. అయినా ఆ వీధి మొదట్లోకి రాగానే ఆయన కాళ్లు వాటంతటవే నెమ్మదించేవి. వెనక క్యారేజీ మీద కూర్చున్న నాకు అది తెలిసేది. ఎందుకో చాలా ఏళ్లకి తెలిసింది.

7

అబ్బాయ్, ఇప్పుడు నీ ప్రశ్నకి జవాబు.

అమెరికా కాబట్టి కాదు. అక్కడా ముందు తాళమే పీకారు. ఆ సినిమాలో పోలీసు తాళాలిచ్చింది కథ రాసినవాళ్లు అలా రాశారు కాబట్టి. అందులో నాకు నచ్చనిది కూడా అదే. టొరెటో స్వేచ్ఛ ఒక మంచి పోలీసు మనసులో పుట్టిన దయ. ఆ పోలీసు ఇంకోలా అనుకుంటే కథ జైల్లో ముగుస్తుంది. వెండెల్ స్కాట్‌కి దయ అక్కర్లేదు, చుట్ల లెక్క సరిగ్గా వేస్తే చాలు. బిగ్ విల్లీకి దయ అక్కర్లేదు, ఒక స్థలం చాలు. నీకూ అంతే. ఆర్‌సీ మీద పేరు చదివి నమ్మితే చాలు.

సినిమా చూడు. నేనూ చూశాను, ఆ రైలు పట్టాల రేసు దగ్గర కుర్చీ అంచుకి వచ్చాను. కానీ ఆ కార్ల వెలుగు ఎవరి చేతుల్లోంచి వచ్చిందో గుర్తుపెట్టుకుని చూడు.

సైలెన్సర్ మార్చెయ్. రోగులుంటారు, పసిపిల్లలుంటారు, ఆ చప్పుడు వాళ్లకి కూడా వినిపిస్తుంది. హెల్మెట్ పెట్టుకో. బైపాస్ మీద పందేలు వద్దు. మీ నాన్న భుజాల మీద మోసిన ఇటుకలు నువ్వు లారీ కింద పడడానికి కాదు. ఈ మాటలు ఎవరైనా చెప్తారు. నేను చెప్పే అదనపు మాట ఒకటే. ఈసారి "ఎవడిదిరా ఈ బండి" అంటే తల దించకుండా, గొంతు పెంచకుండా, "నాదండి" అను. కాగితం చూపించు. చలానా రాస్తే రసీదు అడుగు. గంటన్నర నిలబెడితే ఎందుకని అడుగు, నాకు ఫోన్ చెయ్. ఇంకో నలుగురం వస్తాం.

ఆ 'నాదండి' అనే మాట చిన్నది కాదు. దాని వెనక 381 రోజులు నడిచిన కాళ్లున్నాయి. చాలీస్‌గావ్‌లో విరిగిన కాలుంది. మా నాన్న దిగి నడిపించిన సైకిలుంది.

చివరగా ఒకటి. నెల కిందట క్లాసులో జాషువా 'గబ్బిలం' చెప్తున్నాను. గుడిలోకి వెళ్లలేని మనిషి తన బాధ శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. వెనక బెంచీ నుంచి వీడే లేచాడు. "సార్, ఆయనకి బండి ఉంటే గబ్బిలాన్ని ఎందుకు పంపుతాడు? తనే పోయేవాడు కదా!" క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వి కూర్చోబెట్టాను.

కూర్చోబెట్టకుండా ఉండాల్సింది. బండి ఉన్నా గుడి గేటు దగ్గర ఆపేవాళ్లురా అని చెప్పి, అక్కడి నుంచి పాఠం మొదలుపెట్టాల్సింది.

వచ్చే భాగంలో 1893. తిరువాన్కూరులో పులయలకి నిషేధించిన రాజబాట మీద సొంత ఎద్దుబండి కొని తోలిన అయ్యంకాళి.

జై భీమ్.